నీటి మీద వేటగాడు, గట్టు మీద యజమాని



ఇవాళ ఒక తగువు గురించి చెప్పుకుందాం. ఇది మన దేశపు తగువు కాదు, అమెరికాది. అయినా ఏట్లో పడవ ఉన్నవాడికీ, ఏటి ఒడ్డున పొలం ఉన్నవాడికీ మధ్య వచ్చినది కాబట్టి, కృష్ణా గోదావరుల పక్కన పెరిగినవాళ్ళకి ఇది మరీ కొత్తగా అనిపించదు.

శరదృతువులో ఒక తెల్లవారుజాము అనుకోండి. ఒకాయన చిన్న పడవ వేసుకుని ఏట్లోకి వెళ్ళాడు. ఆ ఏరు ప్రజలది. జేబులో వేట లైసెన్సు ఉంది, చేతిలో తుపాకీ ఉంది. రెండు ఒడ్డుల మీదా ఎవరివో పొలాలు. ఒక అడవి బాతు తల మీదుగా ఎగిరింది. పేల్చాడు. అది వెళ్ళి గట్టు అవతల మొక్కజొన్న చేలో పడింది.

ఇక ప్రశ్నలు మొదలు. ఏరు ప్రజలది, సరే. మరి నీళ్ళ కింద ఉన్న నేల ఎవరిది? పడవలోంచి పేల్చడం సరే, మోకాలిలోతు నీళ్ళలోకి దిగి నిలబడితే? ఇసుకతిన్నె ఎక్కితే? చేలో పడిన బాతుని వెళ్ళి తెచ్చుకోవచ్చా? అమెరికాలో వీటన్నిటికీ జవాబులు ఉన్నాయి. చిక్కేమిటంటే, ఆ జవాబు రాష్ట్రం దాటగానే మారిపోతుంది.

ముందు బాతు ఎవరిదో చూద్దాం. ఇంగ్లండులో వేట హక్కు భూమితో పాటు నడిచింది. ఎవరి నేల మీద వేట జంతువు ఉంటే దాన్ని కొట్టే హక్కు ఆ భూస్వామిది. దొర గారి ఎస్టేటులో కుందేలుకి ఉచ్చు వేసిన కూలివాడు అక్కడ నేరస్థుడు. అమెరికాలో ఈ పద్ధతి వేళ్ళూనుకోలేదు. అక్కడ అడవి జంతువూ, పక్షీ ఏ ఒక్కరి సొత్తూ కాదు. ప్రజలందరి తరఫునా రాష్ట్రం వాటిని కాపాడుతుంది. భూయజమానికి ఉన్నది తన నేల మీదికి ఇతరులని రానివ్వకుండా ఆపే హక్కు. అంటే, పొలం మీద ఎగిరే బాతు రైతుది కాదు, కానీ పొలం రైతుదే. తగువంతా ఈ రెండు మాటల మధ్యే ఉంది.

వలసపక్షుల విషయంలో కేంద్ర ప్రభుత్వం మాట కూడా ఉంది. కెనడా తరఫున బ్రిటన్‌తో 1916లో ఒప్పందం కుదిరింది. దాన్ని అమలు చేసే చట్టం 1918లో వచ్చింది. బాతుల వేటకి వెళ్ళే పెద్దవాళ్ళు ఏటా ఒక ఫెడరల్ స్టాంపు కొనాలి. 1934లో మొదలైన ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. మోటారు పడవ మీద ఉన్నవాడు ఇంజను ఆపాలి. ఆపితే చాలదు, ఆ ఊపుకి పడవ ముందుకి సాగడం కూడా ఆగాకే పేల్చాలి. మేతతో పాటు ఏటి అడుగున పడివున్న సీసపు గుళ్ళు మింగి బాతులు చచ్చిపోతున్నాయని తేలాక, 1991 నుంచి నీటిపక్షుల వేటలో సీసం గుళ్ళని దేశమంతటా నిషేధించారు. ఇలా ఎలా కొట్టాలో కేంద్రం చెప్తుంది. ఎక్కడ నిలబడి కొట్టవచ్చో చాలావరకు రాష్ట్రాలు చెప్తాయి.

ఇప్పుడు నది సంగతి. నదులు అందరివీ అన్న మాట రోమన్ చట్టం నాటిది. జస్టీనియన్ చక్రవర్తి కాలపు ధర్మశాస్త్రంలోనే ఉంది: నది ప్రజలది, ఒడ్డు పక్క భూమివాడిది, అయినా పడవ కట్టుకోవడానికి ఆ ఒడ్డుని వాడుకునే హక్కు అందరికీ ఉంది. ఇంగ్లండు దీన్ని కుదించింది. సముద్రపు ఆటుపోట్లు ఎంతదూరం వస్తే అంతవరకే నదీగర్భం రాజుది, అంటే ప్రజలది. చిన్న ద్వీపానికి ఆ కొలత సరిపోయింది. మిసిసిపీ, ఒహాయో లాంటి నదులకి అదెలా సరిపోతుంది? వందల మైళ్ళ లోపల స్టీమర్లు తిరుగుతున్న నదులు అవి. ఆటుపోట్ల జాడే లేదు. అందుకని అమెరికా కొలత మార్చుకుంది. మిషిగన్‌లో గ్రాండ్ రివర్ మీద తిరిగే డేనియల్ బాల్ అనే చిన్న స్టీమరుకి రెండడుగుల నీళ్ళుంటే చాలు. దాని మీద వచ్చిన కేసులో 1871లో సుప్రీంకోర్టు తేల్చింది: నిజంగా సరుకులతో, మనుషులతో పడవ నడిచే నది, లేదా నడవగలిగే నది, ప్రజల రాదారి. అంతకు ముందే, 1845లో, మరో తీర్పు వచ్చింది. కొత్త రాష్ట్రం యూనియన్‌లో చేరిన రోజునే అలాంటి నదుల అడుగునేల ఆ రాష్ట్రానికి చెందుతుందని అందులో చెప్పారు.

ఇంతవరకు తేలికే. పెద్ద నదిలో, ప్రభుత్వపు అడుగునేల మీద, పడవలో ఉన్న వేటగాడిని పక్క పొలంవాడు ఏమీ అనలేడు. తగువులు చిన్న ఏళ్ళ దగ్గర, చిత్తడినేలల దగ్గర, అడుగునేల ప్రైవేటు చేతుల్లో ఉన్నచోట వచ్చాయి.

వాటిలో పెద్దది విస్కాన్సిన్ రాష్ట్రంలోది. అక్కడ రాక్ రివర్ హోరికాన్ అనే పెద్ద చిత్తడినేల గుండా పారుతుంది. నది విస్తరించి, నీటిమొక్కలు గుబురుగా పెరిగి, బాతులకి స్వర్గంలా ఉండే చోటు అది. అక్కడ డయానా షూటింగ్ క్లబ్ అని ఒక వేటగాళ్ళ సంఘం నేల మీద వేట హక్కులు సంపాదించి, బయటివాళ్ళు రాకూడదంది. హస్టింగ్ అనే ఆయన ఆ నీళ్ళలోనే పడవలో వెళ్ళి బాతులని వేటాడాడు. క్లబ్బు అక్రమ ప్రవేశం అంటూ దావా వేసింది. 1914లో రాష్ట్ర సుప్రీంకోర్టు హస్టింగ్ వైపు తీర్పు చెప్పింది. అడుగునేల ప్రైవేటుదే కావచ్చు, కానీ పడవ నడిచే నీటి మీద తిరిగే హక్కు ప్రజలది. చేపలు పట్టడం, వేటాడటం ఆ హక్కుని అంటిపెట్టుకుని ఉన్నవే అంది కోర్టు.

ఆ తీర్పులో ఇంకో సంగతి ఉంది. నది హక్కు ఎక్కడిదాకా? మామూలు రోజుల్లో నీళ్ళు వచ్చి తాకి తాకి గట్టు మీద ఒక గుర్తు పడుతుంది. అక్కడ మట్టి కోసుకుపోయి ఉంటుంది, లేదా మెట్టమొక్కలు బతకక నేల బోసిగా ఉంటుంది. కంటికి తేలిగ్గా తెలిసే ఆ గుర్తే హద్దు అన్నారు. హద్దు గీసే పని సర్వేయరుకి కాక ఏటికే అప్పగించారన్నమాట. ఈ కథ పొడుగునా ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి.

విస్కాన్సిన్‌కి పక్కనే ఉన్న మిషిగన్ మాత్రం అంతకు ముందే ఇంకో దారి పట్టింది. ఎరీ సరస్సు చిత్తడిలో పడవ మీద వేటకి వెళ్ళినవాడి కేసులో 1888లో అక్కడి కోర్టు, పడవ నడిపే హక్కు వేరు, వేటాడే హక్కు వేరు అంది. వేట అడుగునేల యజమానిదేనంది. తర్వాత పెద్ద సరస్సుల అడుగునేల రాష్ట్రానిదేనని తేలి అక్కడ వేటగాళ్ళకి దారి దొరికింది. లోతట్టు నీళ్ళలో మాత్రం పాత మాటే నిలిచింది. పడవ నడిచే ఏట్లో గాలం వేసినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. అదే పడవలో అదే మనిషి తుపాకీ పట్టుకుంటే ఒడ్డు యజమాని అనుమతి కావాలి. నీళ్ళు అవే, పడవ అదే, చేతిలో పనిముట్టు మారేసరికి హక్కు మారిపోయింది.

మిగతా రాష్ట్రాలూ తలో రకం. మిజూరీలో మెరమెక్ నది మీద ఒకాయన పొలం యజమాని వద్దన్నా పడవ వేసుకువెళ్ళి, నీళ్ళలో దిగి నడిచి, చేపలు పట్టాడు. 1954లో రాష్ట్ర సుప్రీంకోర్టు, అడుగునేల ప్రైవేటుదైనా నది ప్రజల దారేనని, నీళ్ళలో నడవడం నేరం కాదని చెప్పింది. అయోవాలో పాత ప్రభుత్వ సర్వేయర్లు ఒడ్డు వెంబడి కొలిచి పటం గీసిన నదులైతే అడుగునేల రాష్ట్రానిది, దిగి నడవవచ్చు. కొలవని ఏరైతే తేలుతూ పోవచ్చు, కాలు ఆనితే తప్పు. కాన్సాస్‌లో పడవ నడిచే నదులుగా గుర్తింపు ఉన్నవి మూడే: కాన్సాస్, ఆర్కన్సా, మిజూరీ. వయోమింగ్‌లో 1961 తీర్పు ప్రకారం పడవలో పోవచ్చు, నీళ్ళు చాలనిచోట దిగి పడవని నెట్టవచ్చు, అంతకు మించి నీళ్ళలో నడవకూడదు. కొలరాడో ఇంకా గట్టిది. కొలరాడో నది మీద రబ్బరు తెప్పల్లో పోతున్నవాళ్ళు ప్రైవేటు అడుగునేలని తాకారని శిక్ష పడింది. ఆ పొలం యజమాని నదికి అడ్డంగా ముళ్ళతీగ కట్టాడు. 1979లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ శిక్షని సమర్థించింది.

వింటుంటే భూయజమానులందరూ పిసినారులని అనిపించవచ్చు. అది అన్యాయం. వాళ్ళ వైపు నుంచి కూడా చూడాలి. గాలం వేసినవాడి వల్ల పోయేది ఒకటో రెండో చేపలు. తుపాకీ గుండు సంగతి అలా కాదు. పడవ నది హద్దులోనే ఉండవచ్చు, తుపాకీ గుండు మాత్రం హద్దు దగ్గర ఆగదు. రైఫిలు గుండు మైలు దాటి కూడా పోగలదు. అక్కడ ఆవులుంటాయి, ఇల్లుంటుంది, పెరట్లో పిల్లలుంటారు.

ఈ భయానికి మోంటానా రాష్ట్రం చెప్పిన సమాధానం ఆలోచించదగ్గది. 1984లో అక్కడి కోర్టు రెండు కేసుల్లో, అడుగునేల ఎవరిదైనా సరే నీటిని సరదాగా వాడుకునే హక్కు ప్రజలదే అంది. మరుసటి ఏడు శాసనసభ చట్టం చేసింది. రెండు ఒడ్డుల నీటిగుర్తుల మధ్య చేపలు పట్టడం, ఈత, పడవ, వేట కూడా సమ్మతమే. అయితే ఆ చట్టంలో పెద్ద జంతువుల వేటకీ, రాత్రి మకాములకీ, బాతుల కోసం పొంచివుండే పాకలు కట్టుకోవడానికీ కొంత వెసులుబాటు ఉండేది. 1987లో కోర్టు ఆ వెసులుబాటుని కొట్టేసింది. నీటిని వాడుకోవడానికి ఎంత అవసరమో అంతే ఒడ్డుని వాడుకోవాలి, ఒడ్డుని వాడుకోవడానికి నీళ్ళని సాకు చేసుకోకూడదు అన్నది అందులోని సారం. నాకు ఇది సరైన గీత అనిపిస్తుంది. బాతు నీటి పక్షి, ఏటి మీద దాని వేట సహజం. ఎల్క్ దుప్పి కోసం ఏటి గట్టు చాటున నక్కి పొలంలోకి గురిపెట్టడం నది హక్కు కాదు.

మరి చేలో పడిన బాతు? అక్కడా ఒక్క నియమం లేదు. మిన్నెసోటాలో, ప్రవేశం లేదని బోర్డు లేని నేలైతే, గాయపడిన వేటని కాలినడకన వెళ్ళి తెచ్చుకుని వెంటనే బయటికి రావచ్చు. చాలాచోట్ల మాత్రం యజమానిని అడిగే వెళ్ళాలి. తెలివైన వేటగాళ్ళు అసలు అవతల పడేలా పేల్చరు.

వరద వచ్చినప్పుడు ఏమవుతుంది? ఏరు పొంగి పొలాల మీదికి వచ్చింది, పొలం మీద ఆరడుగుల నీళ్ళు, చేపలూ బాతులూ అక్కడే. నదితో పాటు నది హక్కు కూడా పొలంలోకి వచ్చినట్టేనా? లూసియానాలో మిసిసిపీ ఏటా వసంతంలో పొంగుతుంది. ఆ నీళ్ళలో ప్రైవేటు భూమి మీదికి పడవలో వెళ్ళి చేపలు పట్టినవాళ్ళని షెరీఫ్ అరెస్టు చేశాడు. వాళ్ళు ఫెడరల్ కోర్టుకెక్కారు. 2006లో జిల్లా కోర్టు, 2007లో అప్పీలు కోర్టు వాళ్ళకి వ్యతిరేకంగా చెప్పాయి. పడవ నడిపే హక్కులో వరద మునకలో ఉన్న ప్రైవేటు నేల మీద వేటాడే హక్కు, చేపలు పట్టే హక్కు లేవన్నాయి. లూసియానా చట్టం రోమన్ చట్టం దారిలోనే నడుస్తుంది. నది ఒడ్డు ప్రైవేటుదే అయినా దాన్ని ప్రజలు వాడుకోవచ్చంటుంది. కానీ ఆ వాడుక పడవ ప్రయాణం కోసమేనని కోర్టులు అర్థం చెప్పాయి.

ఇక అలాస్కా. అక్కడ ఎదురుగా నిలబడింది పొలం యజమాని కాదు, సాక్షాత్తూ ప్రభుత్వం. స్టర్జన్ అనే వేటగాడు ఏళ్ళ తరబడి నేషన్ రివర్ మీదుగా మూస్ అనే పెద్ద దుప్పి వేటకి వెళ్ళేవాడు. నీళ్ళు తక్కువున్నచోట్ల కూడా పోయే హోవర్‌క్రాఫ్ట్ వాడేవాడు. 2007లో ఒక గులకరాళ్ళ తిన్నె మీద ఆగి స్టీరింగు కేబులు బాగుచేసుకుంటుంటే, నేషనల్ పార్క్ సర్వీస్ రేంజర్లు వచ్చి, ఈ నది పార్కు పరిధిలోది, ఇక్కడ హోవర్‌క్రాఫ్ట్ నిషేధం అన్నారు. అలాస్కా రాష్ట్రం దాన్ని నిషేధించలేదు. ఆయన దావా వేశాడు. కేసు రెండుసార్లు దేశపు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2019లో జడ్జీలందరూ ఏకగ్రీవంగా, ఆ నది పార్కు సొత్తు కాదు, పార్కు నియమాలు దానికి వర్తించవని తేల్చారు. తీర్పు రాసినది జస్టిస్ ఎలీనా కేగన్. ఒక మనిషి తను ఏళ్ళ తరబడి తిరిగిన ఏట్లో తిరగవచ్చని తేలడానికి పన్నెండేళ్ళు పట్టింది.

నేను చెప్పదలచుకున్న సంగతి ఇక్కడ ఉంది. ఏ రాష్ట్రం ఉదారంగా ఉంది, ఏది పిసినారిగా ఉంది అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, హద్దు కంటికి కనిపిస్తోందా లేదా అన్నది. పడవలో ఉన్న మామూలు మనిషి చీకట్లో, చలిలో, తను ఎక్కడున్నాడో తేల్చుకోగలగాలి. విస్కాన్సిన్ గుర్తు అలాంటిది. గట్టు వైపు చూస్తే తెలుస్తుంది.

టెక్సాస్ చూడండి. అక్కడ 1837 నుంచి ఉన్న లెక్క ప్రకారం, నదీముఖం నుంచి సగటున 30 అడుగుల వెడల్పు ఉన్న ఏరు ప్రజలది. వినడానికి తేలిక. సగటు అన్నారు గదా, ఆ మొత్తం పొడవూ కొలిచేదెవరు? దాని హద్దుకి 1923లో ఎర్రనది మీద ఓక్లహోమాతో వచ్చిన తగువులో పుట్టిన లెక్క వాడతారు. గట్టుని తాకే నీటిమట్టానికీ, గట్టు పొర్లకుండా నిలిచే నీటిమట్టానికీ సరిగ్గా నడిమిన ఉండే గీత అది. దాన్ని గుర్తించడానికి ఆ పని తెలిసిన సర్వేయర్లు కావాలి. కళ్ళతో చూస్తే కనపడదు. అలాగే మోంటానా నదుల అడుగునేల ఎవరిదన్న కేసులో 2012లో సుప్రీంకోర్టు, 1889లో రాష్ట్రం యూనియన్‌లో చేరిన రోజున ఆ నదిలో ఏ ముక్క పడవకి పనికొచ్చిందో ముక్కముక్కగా చూడాలంది. 19వ శతాబ్దపు పడవ ప్రయాణాల చరిత్ర తిరగేస్తే తప్ప ఇవాళ అడుగునేల ఎవరిదో తెలియని పరిస్థితి అది.

విచిత్రం ఏమిటంటే, పొలం యజమానుల కోసం మాత్రం అమెరికా హద్దుని కళ్ళకి కట్టించింది. 1989లో ఆర్కన్సా, 1997లో టెక్సాస్, మధ్యలో ఇంకొన్ని రాష్ట్రాలు ఒక పద్ధతి పెట్టాయి. చెట్టు మీదో స్తంభం మీదో నిలువుగా ఊదారంగు గీత ఉంటే, లోపలికి రాకూడదని బోర్డు పెట్టినట్టే. చదువు రానివాడికి కూడా అర్థమవుతుంది. నేల హద్దుకి ఊదారంగు ఉంది, నది హద్దుకి కోర్టు కాగితాలు ఉన్నాయి. కాగితం చదివించుకోగలిగేది వకీలు ఉన్నవాడు. తెలియక కాలు ఆనించి జరిమానా కట్టేది పడవ మాత్రమే ఉన్నవాడు. తగువు పెట్టుకుని గెలవాలంటే స్టర్జన్‌లా పన్నెండేళ్ళ ఓపికా, దానికి తగ్గ డబ్బూ కావాలి.

ఇది అమెరికా సంగతేనా? మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటని ఆపేసింది కాబట్టి, ఏట్లో తుపాకీ తగువు మనకి లేదు. కానీ నీరు ప్రజలది, ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమే అన్న సూత్రం మన దగ్గరికీ వచ్చింది. షికాగో రేవు దగ్గర మిషిగన్ సరస్సు అడుగునేలని ఒక రైల్వే కంపెనీకి ధారాదత్తం చేయడం చెల్లదని 1892లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున ఒక హోటల్ సంస్థ నదినే మళ్ళించిన కేసులో, 1996 డిసెంబరులో మన సుప్రీంకోర్టు ఆ తీర్పుని ఉదహరించి, ఈ సూత్రం మన చట్టంలో భాగమని ప్రకటించింది.

కనిపించని హద్దు బాధ కూడా మనకి తెలుసు. కొల్లేరు ఉంది. 1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. కాంటూరు అంటే సముద్రమట్టానికి ఇంత ఎత్తు అని పటంలో గీసిన గీత. ఆ గీత లోపల జిరాయితీ భూములూ ఉన్నాయి, చెరువులూ ఉన్నాయి, తరతరాలుగా బతుకుతున్న ఊళ్ళూ ఉన్నాయి. హద్దుని మూడో కాంటూరుకి తగ్గించాలని ఒకరు, అయిదులోనే ఉంచాలని ఒకరు. ఎటు ఒప్పు అన్నది వేరే ప్రసంగం. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లని ప్రభుత్వం తెగ్గొట్టినప్పుడు, ఏది ఏ పక్కన ఉందో చెప్పగలిగింది పటం చేతిలో ఉన్న అధికారి.

సరస్సులకీ, నదులకీ హద్దు ఉండాల్సిందే. పక్షికీ, రైతుకీ, పడవవాడికీ అది మేలే చేస్తుంది. అయితే ఆ హద్దుని గీసినవాళ్ళే దాన్ని గట్టు మీద చూపించాలి. ఒక రాయి పాతండి, ఒక రంగు వెయ్యండి, నీటి గుర్తునే హద్దు అనండి. అది చెయ్యకుండా దాటినవాణ్ణి శిక్షించడం మొదలుపెడితే, ప్రజల నది అన్న మాట పుస్తకంలో మిగులుతుంది, నది మాత్రం వకీలుని పెట్టుకోగలిగినవాడిది అవుతుంది.